చిల్లుల అట్టలతో నా సంసారం

పోయిన నెల ఎవరో కరెంటు బిల్లు లెక్క అడిగితే, మాటల్లో మాటగా ‘‘నేను అట్టలకు చిల్లులు కొట్టి జీతం తీసుకున్నదాన్ని’’ అని రాశాను. అప్పటి నుంచి నల్లగొండలో మా వీధి పోస్ట్‌మ్యాన్ తెచ్చే ఉత్తరాల్లో సగం దాని మీదే. అందుకని వంటలు, అత్తాకోడళ్ల పంచాయితీలు వచ్చే నెలకు వాయిదా. ఈసారి అన్నీ పాత లెక్కల మిషన్ల ముచ్చట్లే.

ప్రశ్న: అమ్మా, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. కంప్యూటర్ పితామహుడు చార్లెస్ బాబేజ్ అని గైడులో ఉంది. ఆయన ఒక్క మిషన్ కూడా పూర్తిగా కట్టలేదని మా కోచింగ్ సార్ అంటున్నారు. కట్టనివాడు తండ్రి ఎట్లయితడు? పరీక్షలో ఏం పెట్టాలె?
(డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థి, మిర్యాలగూడ)

జవాబు: పరీక్షలో బాబేజ్ అనే పెట్టు బిడ్డా. కీ తయారుచేసినాయనతో మనకు కొట్లాట వద్దు. మీ సార్ చెప్పింది కూడా నిజమే. రెండూ ఎట్లా నిజమో చెబుతా, కొంచెం ఓపిక పట్టు.

ఆ కాలంలో కంప్యూటర్ అంటే మిషన్ కాదు, మనిషి. కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగి పేరు అది. ఓడ నడిపేవాడికి చంద్రుడు ఏ రాత్రి ఎక్కడుంటాడో చెప్పే పట్టిక కావాలి. సర్వేవాళ్లకు పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చే లాగరిథం పట్టికలు కావాలి. ఇవన్నీ మనుషులు చేత్తో కట్టాలి, ఇంకొకరు నకలు రాయాలి, ప్రెస్సులో మరొకరు అచ్చులు పేర్చాలి. మూడు చోట్లా తప్పులు దొర్లేవి. 1790ల్లో ఫ్రాన్స్‌లో ప్రోనీ అనే ఇంజినీరు దీనికి ఒక ఉపాయం పట్టాడు. పెద్ద గణితం తెలిసినవాళ్లు కొద్దిమంది పైన, పనిని ముక్కలు చేసి పంచేవాళ్లు మధ్యలో, కూడికా తీసివేతా వస్తే చాలు అనిపించుకున్నవాళ్లు 60 నుంచి 80 మంది కింద. కిందివాళ్లకు తాము ఏం కడుతున్నారో తెలియాల్సిన పని లేదు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు మా ఆఫీసు హాలు గుర్తొస్తుంది.

మన దగ్గరా ఇట్లాంటి పని జరిగింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని, ఫొటోలు తీసి, చుక్కల పట్టికలు వేసినప్పుడు హైదరాబాద్ నిజామియా వేధశాల వంతుకు కూడా ఒక భాగం వచ్చింది. లక్షల చుక్కలు. ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచిందీ, లెక్క కట్టిందీ మనుషులే.

సరే, 1821. బాబేజ్, ఆయన స్నేహితుడు జాన్ హెర్షెల్ కలిసి అట్లాంటి పట్టికలు సరిచూస్తున్నారు. తప్పు మీద తప్పు దొరుకుతుంటే విసుగెత్తి, ఈ లెక్కలు ఆవిరితో నడిస్తే ఎంత బాగుండు దేవుడా అన్నాడట బాబేజ్. డిఫరెన్స్ ఇంజిన్ ఆలోచన అక్కడ మొదలైంది.

దాని కిటుకు నీ నోటుబుక్కులోనే చేసి చూడు. 1, 4, 9, 16, 25 రాయి. పక్కపక్క అంకెల తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. ఇక 6 వర్గం కావాలంటే గుణకారంతో పని లేదు. 9కి 2 కలిపితే 11, 25కి 11 కలిపితే 36. ఆ తర్వాత 13 కలిపితే 49. పెద్ద పెద్ద పట్టికలు కూడా ఇట్లానే ఉత్త కూడికల కింద దిగొస్తాయి. పళ్ల చక్రాలకు కూడిక నేర్పితే చాలు. చక్రం 9 దాటి 0కి వచ్చినప్పుడు పక్క చక్రాన్ని ఒక పన్ను జరపాలి, పాత స్కూటర్లలో కిలోమీటర్లు తిరిగినట్టు. చక్రాలతో కూడికలు చేయించడం బాబేజ్‌తో మొదలు కాలేదు. పన్నుల ఉద్యోగంలో లెక్కలతో సతమతమయ్యే తండ్రి కోసం పాస్కల్ 1642లోనే, ఇరవై ఏళ్లు నిండకముందే, ఒక పెట్టె చేయడం మొదలుపెట్టాడు. బాబేజ్ గొప్పతనం ఇంకోటి: జవాబును మిషనే అచ్చు వేయాలి, మధ్యలో మనిషి చెయ్యి పడొద్దు అన్నాడు.

బ్రిటిష్ సర్కారు ఈ పనికి దాదాపు 17 వేల పౌండ్లు పెట్టింది. పనిముట్లు చేసే క్లెమెంట్‌కు, బాబేజ్‌కు డబ్బు దగ్గర చెడింది. 1833లో పని ఆగింది, 1842లో సర్కారు చేతులు దులుపుకుంది. ఈలోపు బాబేజ్ మనసు ఇంకా పెద్దదాని మీదికి పోయింది. అనలిటికల్ ఇంజిన్. అంకెలు దాచుకోవడానికి ఒక భాగం, వాటిని మరాడించడానికి ఒక భాగం. మొదటిదాన్ని గిడ్డంగి అన్నాడు, రెండోదాన్ని గిర్ని అన్నాడు. ఏం చేయాలో చెప్పేది చిల్లుల అట్టలు. ఇదీ కట్టలేదు. 1871లో పోయేదాకా గీస్తూనే ఉన్నాడు. మధ్యలో వీధుల్లో వాయిద్యాలు వాయించేవాళ్ల మీద కేసులు పెట్టుకుంటూ కొంత కాలం పోగొట్టుకున్నాడు. మన పెళ్లి డీజే బాక్సులు వినుంటే ఏమైపోయేవాడో.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, బాబేజ్‌ది అదే కథ అని నవ్వేవాళ్లున్నారు. కానీ ఆయన 1840ల చివర్లో గీసిన రెండో డిఫరెన్స్ ఇంజిన్ బొమ్మలు పట్టుకుని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో దాన్ని కట్టారు. ఆయన కాలపు పనితనంతో సాధ్యమయ్యే కొలతలే పాటించారు. 31 అంకెల సంఖ్యలతో తిరిగింది, తప్పు లేకుండా. అంటే లెక్క ఆయనది తప్పలేదు, డబ్బూ మనుషులూ తప్పారు.

నిజంగా మిషన్ కట్టి నడిపించిన తండ్రులు చాలామందే ఉన్నారు. బెర్లిన్‌లో జూసె 1941లో రిలేలతో, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌లతో, కట్టాడు, అట్టలకు బదులు పారేసిన సినిమా ఫిల్ముకు చిల్లులు కొట్టి వాడాడు. అమెరికాలో అటనాసాఫ్ ఉన్నాడు, 1973లో కోర్టు ఎనియాక్ అనే మరో మిషన్ పేటెంటు కొట్టేసి ఆయనకు న్యాయం చేసింది. ఇంగ్లండ్‌లో ఫ్లవర్స్ కట్టిన కొలోసస్ యుద్ధ రహస్యం కాబట్టి 1970ల దాకా లోకానికి తెలియనే లేదు. వీళ్లలో ఎక్కువమంది బాబేజ్ కాగితాలు ముందు పెట్టుకుని కట్టినవాళ్లు కాదు. ఇంతమంది తండ్రులున్న బిడ్డకు ఆధార్‌లో ఏ పేరు రాస్తారో నాకు తెలియదు. నువ్వు మాత్రం బాబేజ్ అని పెట్టు.

ప్రశ్న: అక్కా, మా మగ్గం మీద తిరిగే జకార్డు అట్టల నుంచే కంప్యూటర్ పుట్టిందని యూట్యూబ్‌లో చెప్తున్నరు. మమ్మల్ని సంతోషపెట్టేందుకా, నిజమేనా?
(చేనేత కార్మికుడు, గద్వాల)

జవాబు: తమ్ముడూ, నువ్వు నా పుట్టింటి కథ అడిగావు. మా అమ్మది గద్వాల, నాన్నది పుట్టపాక. ఎండాకాలం సెలవులు వస్తే నేను గద్వాలలో మా మేనమామ గుంట మగ్గం పక్కనే ఉండేదాన్ని. పైన జకార్డు పెట్టె, దాని మీద దారంతో కుట్టిన అట్టల దండ. మామ తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి ముందుకు వచ్చేది. నీకు తెలిసిందే అయినా తెలియనివాళ్ల కోసం చెబుతా. అట్ట మీదికి సూదులు వస్తాయి. చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని లేపుతుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, దారం కిందనే ఉంటుంది. ఒక్క పేకకు ఒక్క అట్ట. అంచు మీద హంస వచ్చినా, కొంగు మీద గోపురం వచ్చినా అంతా ఈ లేచుడూ లేవకపోవుడే.

ఒకసారి ఎలుక ఒక అట్టను కొరికింది. ఆ తర్వాత నేసిన ప్రతి పువ్వులోనూ ఒకే చోట ఒక దారం పైకి తేలింది. మామ రెండు జానలు నేశాక గానీ చూడలేదు. తిట్టుకుంటూ అట్టల దండంతా తిప్పి, ఆ చిల్లు వెతికి, అన్నం మెతుకుతో కాగితం ముక్క అతికించాడు. నా కళ్లముందు జరిగింది కాబట్టి ఇది మర్చిపోలేదు. మళ్లీ దీని దగ్గరికి వస్తా.

ఫ్రాన్స్‌లో లియాన్ పట్నం పట్టు నేతగాళ్లది. జకార్డ్ 1804 ప్రాంతంలో తన మిషన్ తెచ్చాడు. చిల్లుల ఊహ మొత్తం ఆయనది కాదు. 1725లో బూషాన్ చిల్లుల కాగితం చుట్ట వాడాడు, 1728లో ఫాల్కన్ దాన్ని అట్టలు చేశాడు, తర్వాత వోకాన్‌సన్ ఇంకొంచెం ముందుకు జరిపాడు. జకార్డ్ వచ్చి అందరి పనినీ ఒకటిగా కుదిర్చాడు. అంతకుముందు మగ్గం పక్కన ఒక పిల్లవాడు నిలబడి పొద్దంతా తాళ్లు లాగేవాడు. అట్ట వచ్చి ఆ పిల్లవాడి పని తీసుకుంది. పని పోతుందని నేతగాళ్లు కోపంతో ఆ మగ్గాలు విరగ్గొట్టారు కూడా. తర్వాత ఆయన బొమ్మనే పట్టులో నేశారు, దానికి 24 వేల అట్టలు పట్టాయి. ఆ పట్టు బొమ్మ ఒకటి బాబేజ్ తన ఇంట్లో పెట్టుకుని వచ్చినవాళ్లకు చూపించేవాడు. అనలిటికల్ ఇంజిన్‌కు అట్టలు అక్కడి నుంచే తీసుకున్నానని దాచుకోలేదు కూడా. కాబట్టి యూట్యూబ్‌వాళ్లు చెప్పింది ఆ మేరకు నిజం.

కానీ రెండో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. నేను నడిచింది ఆ దారిలోనే. అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేల్చడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. హోలెరిత్ అనే కుర్రవాడు రైల్లో కండక్టర్ టికెట్ మీద చిల్లులు కొట్టడం చూశాడు. టికెట్ ఒకరిది ఇంకొకరు వాడకుండా ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు లాంటివి చిల్లులతో గుర్తు పెట్టేవారట. మనిషి వివరాలను చిల్లులు చేయొచ్చన్నమాట అనుకున్నాడు. మన ఆర్టీసీ బస్సుల్లో టికెట్‌కు కటక్‌మని చిల్లు కొట్టే రోజులు నీకూ గుర్తుండాలి. 1890 లెక్కల్లో ఒక్కో మనిషికి ఒక్కో అట్ట. మిషన్‌లో అట్ట పెట్టి పిడి దించితే సూదులు దిగుతాయి. చిల్లు ఉన్నచోట సూది కింద ఉన్న పాదరసంలో మునుగుతుంది, కరెంటు పారుతుంది, డయల్ మీద ముల్లు ఒకటి జరుగుతుంది. 6 కోట్ల 26 లక్షల మంది మొత్తం కొన్ని వారాల్లో తేలింది. ఆయన పెట్టిన కంపెనీ ఇంకొన్నిటితో కలిసి 1924లో ఐబీఎం అనే పేరు తెచ్చుకుంది.

తేడా చూడు. మగ్గం అట్ట ‘‘ఇప్పుడు ఇది చెయ్’’ అని చెబుతుంది. జనాభా అట్ట ‘‘వీడు ఫలానా’’ అని చెబుతుంది. మొదటిది ఆజ్ఞ, రెండోది సమాచారం. ఈ రెండిటినీ మిషన్ తన కడుపులో ఒకే చోట పెట్టుకుని నడవడం 1948 జూన్ 21న మాంచెస్టర్‌లో జరిగింది. నన్నడిగితే ఆ రోజుకే నేను ఎక్కువ దండం పెడతా.

ఇక నా సంగతి. 1978లో హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పంచ్ ఆపరేటర్‌గా చేరాను. పేరు వద్దు. 80 గడుల అట్ట, ఒక మూల కత్తిరించి ఉంటుంది, తలకిందులు పెడితే తెలిసిపోవాలని. ఒకరు కొట్టిన అట్టనే ఇంకొకరు వెరిఫైయర్ మీద మళ్లీ కొట్టాలి. రెండూ కలిస్తే కుడి అంచున చిన్న గాటు పడుతుంది, కలవకపోతే ఆ గడి పైన పడుతుంది. అట్టల ట్రే కింద పడితే వరస పోతుంది కాబట్టి కట్ట పైన ఏటవాలుగా పెన్సిల్ గీత గీసేవాళ్లం. గీత చూసుకుని మళ్లీ పేర్చుకోవచ్చు. ఒక వానాకాలం అట్టలు చెమ్మకు ఉబ్బి మిషన్‌లో ఇరుక్కుంటే, ఇంటి నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చిన మహానుభావురాలు కూడా మాలో ఉంది.

నెలాఖరున, తొందరలో, వెరిఫైయర్ రిపేరులో ఉన్న రోజు, నేను ఒక అంకెను ఒక గడి ఎడమకు జరిపి కొట్టాను. 240 యూనిట్లు 2400 అయ్యాయి. బిల్లు దేవరకొండ అవతల ఒక రైతు ఇంటికి పోయింది. ఆయన తువ్వాలలో బిల్లు మూటగట్టుకుని బస్సెక్కి వచ్చాడు. కౌంటర్ నుంచి కౌంటర్‌కు తిప్పి చివరికి నా దగ్గరికి పంపారు. ‘‘అమ్మా, నా బాయి మోటరు ఊరికంత నీళ్లు తోడిందా?’’ అని అడిగాడు, నవ్వుతూనే. కంప్యూటర్ తప్పు అని చెప్పి పంపమని మా సూపర్‌వైజర్ కళ్లతో సైగ చేశాడు. నేను అట్ట తీసి, వెలుతురుకు పట్టి, ఆ చిల్లు ఎక్కడ జరిగిందో ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. ‘‘ఇంత సన్న బొక్కనా’’ అన్నాడు. మూడు నెలలకు గానీ సవరణ బిల్లు పోలేదు.

ఇంకో మాట తమ్ముడూ. మా నాన్న పుట్టపాకలో చిటికి కట్టేవాడు. అక్కడ అట్టలూ లేవు, చిల్లులూ లేవు. నేయకముందే ఏ దారం ఏ జాన దగ్గర ఏ రంగు కావాలో గ్రాఫ్ కాగితం మీద చూసుకుని, కట్లు కట్టి, అద్దకం వేసేవాడు. అంటే నమూనా దారం మీదే రాసి ఉంటుంది. లెక్కకొస్తే నాకు జకార్డు కన్నా ఇదే కష్టమనిపిస్తుంది. ఆసు పోసే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే, మా అమ్మ భుజం మాట చెప్పనే అక్కరలేదు, ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. ఆ నొప్పి చూసే శారాజిపేట చింతకింది మల్లేశం ఆసు మిషన్ చేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అది మా అమ్మ చూడలేదు.

ప్రశ్న: అమ్మమ్మా, మొదటి ప్రోగ్రామర్ ఆడమనిషే అని మా టీచర్ చెప్పింది. మా క్లాసు అబ్బాయిలు నమ్ముతలేరు.
(9వ తరగతి, కల్వకుర్తి)

జవాబు: వాళ్లకు ఈ పుట చూపించు తల్లీ. అడా లవ్‌లేస్ 1815లో పుట్టింది, బైరన్ అనే కవి కూతురు. అనలిటికల్ ఇంజిన్ మీద మెనబ్రియా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని 1843లో ఇంగ్లిష్ చేసి, అసలుకన్నా మూడింతలు పొడవున తన మాటలు చేర్చింది. గణితంలో బెర్నూలీ సంఖ్యలు అనే ఒక వరస కట్టాలంటే ఆ మిషన్ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో పట్టిక వేసింది. అంతకుముందే బాబేజ్ చిన్న చిన్నవి రాసుకున్నాడని వాదించేవాళ్లున్నారు, వాదించుకోనీ. ఈ మిషన్ అంకెలకే పరిమితం కాదు, సంగీతాన్ని కూడా నియమాల్లో పెట్టి ఇస్తే అల్లగలదు అన్నది ఆమె. బాబేజ్‌కు లెక్క కనపడినచోట ఆమెకు ఇంకేదో కనపడింది. 36 ఏళ్లకే పోయింది.

అబ్బాయిలు ఇంకా నమ్మకపోతే ఎనియాక్ సంగతి చెప్పు. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించారు. 30 టన్నుల బరువు, దాదాపు 18 వేల వాల్వులు (పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు), సెకనుకు 5 వేల కూడికలు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో చేత్తో కడితే రోజులు, దీనికి అర నిమిషం. దానికి కీబోర్డు మీద ప్రోగ్రాం రాయరు. వైర్లు ఒకచోట పీకి ఇంకోచోట పెట్టాలి, స్విచ్‌లు తిప్పాలి. ఆ పని చేసింది ఆరుగురు ఆడపిల్లలు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. అప్పటిదాకా వాళ్ల ఉద్యోగం పేరేమిటో తెలుసా? కంప్యూటర్. మిషన్‌ను చూపించిన రోజు రాత్రి విందుకు వాళ్లను పిలవలేదు. పేర్లు నోటుబుక్కులో రాసుకో, స్పెల్లింగ్ మీ టీచర్‌ను అడుగు.

ప్రశ్న: కంప్యూటర్‌లో తప్పును బగ్ అంటరెందుకు? నిజంగ పురుగు దొరికిందా?
(కిరాణా వ్యాపారి, సూర్యాపేట)

జవాబు: దొరికింది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 మిషన్ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి రిజిస్టర్‌లో టేపుతో అంటించారు. కానీ పేరు దాని వల్ల రాలేదు. మిషన్‌లో లోపాన్ని బగ్ అనడం అంతకు చాలా ముందే, ఎడిసన్ రోజుల నుంచే ఉంది. అందుకే ఆ రిజిస్టర్ రాసినవాళ్లకు నవ్వొచ్చింది. ఇక చిల్లుల కాగితంలో తప్పు దొర్లితే దాని మీద ముక్క అతికించేవాళ్లు, దాన్నే ప్యాచ్ అన్నారు. ఇప్పుడు మీ ఫోన్‌కు వచ్చే ప్యాచ్ అదే మాట. మా మేనమామ అన్నం మెతుకుతో అతికించాడే, సరిగ్గా అది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మన దేశానికి, మన హైదరాబాద్‌కు కంప్యూటర్ ఎప్పుడు వచ్చిందో చెప్పగలరు.
(రిటైర్డ్ ఉద్యోగి, నల్లగొండ)

జవాబు: సార్, 1955-56లో కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంగ్లండ్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. మనవాళ్లు సొంతంగా కట్టింది బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, నరసింహన్ గారి బృందం. 1960లో పూర్తయిన, టిఫ్రాక్ అనే ఆ మిషన్‌కు 2,700 దాకా వాల్వులు. దాని జ్ఞాపకం 2,048 పదాలు, ఇప్పటి లెక్కలో 10 కేబీ. మీకు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వు ఒక్కటి కూడా అందులో పట్టదు.

హైదరాబాద్ మాటకొస్తే 1967లో ఈసీఐఎల్ అనే సర్కారు ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టారు, ఏ.ఎస్. రావు గారి పూనికతో. టీడీసీ-12తో మొదలుపెట్టి 1970ల్లో టీడీసీ-312, 316 చేశారు. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పేరు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ బస్సెక్కి ఏ.ఎస్. రావు నగర్‌లో దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో. నేనూ పదేళ్లు ఆ బస్సెక్కాను, చెల్లెలి ఇంటికి, తెలియకుండానే.

ప్రశ్న: మేడమ్, బాబును అబాకస్ క్లాసులో చేర్పించమని పక్కింటావిడ ఒకటే పోరు. కంప్యూటర్ కాలంలో పూసలెందుకు?
(గృహిణి, హుజూర్‌నగర్)

జవాబు: పూసలను తీసిపారేయకండి. 1946 నవంబరులో టోక్యోలో ఒక జపాన్ గుమస్తాకు, కరెంటు లెక్కల మిషన్ పట్టుకున్న అమెరికా సైనికుడికి పోటీ పెడితే, పూసల చట్రం 4-1 తేడాతో గెలిచింది. కానీ ఆ గుమస్తా ఏళ్ల తరబడి సాధన చేసినవాడు. మా మనవడు మూడు నెలలు పోయాడు. ఫీజు కట్టాం, మెడల్ కూడా ఇచ్చారు. ఆ చట్రం ఇప్పుడు మా చెల్లెలి మనవరాలి ఉయ్యాలకు వేలాడుతోంది. పిల్ల దాన్ని తన్నుతూ బాగానే ఆడుకుంటోంది.